లెపర్డ్ గెకో ట్యాంకులో ఏం పరచాలి: ఆరేళ్ల వాడకం తర్వాత

ఇప్పుడు మా రెండు ట్యాంకుల్లోనూ ఉన్నది దిమ్మిస కొట్టినట్టు గట్టిపరచిన మట్టి. టాప్‌సాయిల్ (సంచుల్లో అమ్మే తోట పైమట్టి) ఏడు పాళ్లు, ప్లే సాండ్ (పిల్లలు ఆడుకునే ఇసుక) మూడు పాళ్లు, మూడంగుళాల మందం. దీనికి ముందు పేపర్ టవల్, రెప్టైల్ కార్పెట్ (సరీసృపాల ట్యాంకుల్లో పరిచే బట్ట), టైల్స్, బంకమట్టి పొడి వరసగా వాడాం. ట్యాంకులు 36 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు. ఒక్కో దాంట్లో ఒక్కటే లెపర్డ్ గెకో, అంటే చిరుతమచ్చల పెంపుడు బల్లి. సరుకులు అమెరికాలో దొరికేవి, కొలతలు మాత్రం ఎక్కడైనా పనికొస్తాయి.

ఎడారి బల్లి అని విని చాలామంది ముందు ఇసుక బస్తా కొంటారు. అక్కడే తప్పు మొదలవుతుంది. ఈ జాతి పుట్టిల్లు అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతంలోని రాతి నేలలు. గట్టి మట్టి, రాళ్లు, పగుళ్లు, ఎండిన గడ్డి ఉండే చోట్లు. మన తూర్పు కనుమల్లో బతికే దీని దగ్గరి చుట్టం కూడా రాళ్ల సందుల్లోనే తలదాచుకుంటుంది. గోడలెక్కే ఇంటి బల్లికుండే అంటుకునే మెత్తలు దీని వేళ్లకు లేవు. ఉన్నవి గోళ్లు. కాళ్లకింద గోరు దిగే పట్టు ఉండాలి, కానీ కాలు కూరుకుపోకూడదు. ఏ నేలనైనా మేం కొలిచింది ఈ లెక్కతోనే.

ఇక అందరూ భయపడే ఇంపాక్షన్. అంటే మింగిన మట్టో ఇసుకో పేగులో గడ్డకట్టి దారి మూసేయడం. దీనికి మట్టినొక్కదాన్నే తప్పుపట్టడం సరికాదు. వేటాడేటప్పుడు పురుగుతోపాటు నాలుగు రేణువులు లోపలికి పోవడం మామూలే, ఆరోగ్యంగా ఉన్న పెద్ద గెకో వాటిని మలంతో వదిలేస్తుంది. వేడి చాలకపోతే అరుగుదల మందగిస్తుంది, నీళ్లు తగ్గితే పేగు ఎండుతుంది, క్యాల్షియం తక్కువైతే అది కావాలనే మట్టి నాకుతుంది, కడుపులో పురుగులుంటే ఉన్న శక్తీ పోతుంది. ఇవి సరిగ్గా లేని ట్యాంకులో వదులు మట్టి నిజంగానే ప్రమాదం. కొత్తచోట ఒకటి రెండుసార్లు నాలుకతో నేలను తాకి చూడటం పరిశీలన మాత్రమే. నోటినిండా తీసుకుని మింగుతుంటే అది క్యాల్షియం కోసం. వారం రోజులు మలం లేకపోవడం, పొట్ట ఉబ్బడం, పొట్టకింద నల్లటి నీలి మచ్చ కనబడటం, వెనక కాళ్లు ఈడ్వడం చూస్తే నూనె తాగించడంలాంటి చిట్కాలు వద్దు. సరీసృపాలు చూసే పశువైద్యుల దగ్గరికి అదే రోజు తీసుకెళ్లాలి.

పేపర్ టవల్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, అదే దాని గొప్ప. కొత్తగా వచ్చిన ఏ గెకోకైనా మొదటి మూడు నెలలు ఇదే. మలం రంగు, గట్టిదనం తెలుస్తాయి, పరీక్షకు నమూనా శుభ్రంగా దొరుకుతుంది, ఎంత తిని ఎంత వదిలిందో లెక్క ఉంటుంది. ఆరు నెలల్లోపు పిల్లలకు, జబ్బు పడ్డవాటికి కూడా ఇంతకన్నా మంచిది లేదు. తవ్వుకోవడానికి వీల్లేకపోవడం, మేతకు వేసిన కీచురాళ్లు కింద దూరడం దీని లోపాలు. మూడు పొరలు వేసి, అంచులు రాళ్లకింద బిగిస్తే సరిపోతుంది.

రెప్టైల్ కార్పెట్ మాత్రం ఎవరికీ చెప్పం. పది నెలల వాడకంలో రెండు లోపాలు తేలాయి. ఉతికినకొద్దీ దారాలు లేచి ఉచ్చుల్లా తయారవుతాయి. గోరు చిక్కితే గెకో గుంజుకుంటుంది, గోరు ఊడుతుంది. వేలికి దారం చుట్టుకుని గమనించకపోతే రక్తం ఆడక ఆ వేలే పోతుంది. రెండోది వాసన. మలం అల్లికలోకి ఇంకిపోతుంది, పైపైన తుడిస్తే పోదు. రెండు ముక్కలు పెట్టుకుని వారానికొకటి మార్చి ఉతికినా తడి పూర్తిగా ఆరదు.

క్యాల్షియం ఇసుక అని రంగురంగుల సంచుల్లో అమ్మేది ఇంట్లోకే తేలేదు. అది క్యాల్షియం కార్బనేట్. గెకో రుచి మరిగి నాకుతుంది, కడుపులో ఆమ్లాన్ని అది తగ్గిస్తుంది, తడి తగిలితే ముద్ద కడుతుంది. వాల్‌నట్ పెంకు పొడి అంచులు పదును. ఉత్త కొబ్బరిపొట్టు ఆరితే కళ్లలోకి లేస్తుంది, తడిగా ఉంచితే ట్యాంకంతా చెమ్మ.

టైల్స్‌ని మూడేళ్లు వాడాం, ఇప్పటికీ గౌరవమే. నున్నటి గ్లేజ్ టైల్ కాదు, గరుకు స్లేట్. కొట్లో అరచేతితో రుద్ది చూడండి, గోరు పట్టేలా ఉండాలి. 12 అంగుళాల చదరాలు మూడు, వాటి వెనక సగానికి కోసినవి మూడు వేస్తే ఈ కొలత ట్యాంకు అడుగు నిండుతుంది; లోపలి కొలత కాస్త తక్కువుంటుంది కాబట్టి చివరి వరసను కోయించేముందు కొలవాలి. కింద అర సెంటీమీటరు ఇసుక పరిస్తే టైల్ ఊగదు. సందుల్లోకి కీచురాళ్లు దూరి, రాత్రిపూట గెకో కాలి వేళ్లు కొరుకుతాయి, అందుకని సందులను అక్వేరియం సిలికాన్‌తో నింపి, వారం రోజులు వాసన పోయేదాకా ఆరనివ్వాలి. కింద హీట్ మ్యాట్ పెట్టేవాళ్లకు టైలే సరైనది, వేడిని చక్కగా పైకి పంపుతుంది. తుడవడం నిమిషం పని. కానీ రాత్రి లేచిన గెకో మూలల్లో ముందుకాళ్లతో గీరుతూ ఉంటుంది. తవ్వాలన్న కోరికను టైల్ తీర్చలేదు.

గుహలు మలుచుకోమని అమ్మే బంకమట్టి పొడి చూడ్డానికి బాగుంటుంది. నీళ్లు కలిపి ఆరబెడితే రాయిలా బిగుస్తుంది, ఎనిమిది నెలలకు నెర్రెలు విచ్చి సన్నటి దుమ్ము రాలడం మొదలైంది. పైగా ఖరీదు. ఒంటిగా వద్దు, మట్టి మిశ్రమంలో పదో వంతు కలిపితే మాత్రం పట్టు బాగుంటుంది.

ఇప్పుడు అసలు మిశ్రమం. ఈ ట్యాంకు అడుగు మీద మూడంగుళాల గట్టి పొర అంటే సుమారు 31 లీటర్లు. నొక్కితే తగ్గుతుంది కాబట్టి వదులుగా 40 లీటర్లు కలపాలి: టాప్‌సాయిల్ 28, ప్లే సాండ్ 12. ముప్పావు ఘనపు అడుగు టాప్‌సాయిల్ సంచిలో 21 లీటర్లు, అర ఘనపు అడుగు ఇసుక సంచిలో 14 లీటర్లు ఉంటాయి. రెండు సంచులు మట్టి, ఒక సంచి ఇసుక. టాప్‌సాయిల్ సంచి వెనక చదవకుండా కొనొద్దు: ఎరువు, పేడ, పెర్లైట్ తెల్ల గుళికలు, నీరు పట్టే జెల్ ఏవీ ఉండకూడదు. కుండీ మట్టి, అంటే పాటింగ్ మిక్స్, వేరే సరుకు, దాన్ని తేవద్దు. మట్టిని జల్లించి పుల్లలు, గాజు ముక్కలు ఏరాలి.

మూడు నాలుగు లీటర్ల నీళ్లు కొంచెం కొంచెంగా చల్లుతూ కలపాలి. అరిసెల పిండి తడి గుర్తుందా, అదే లెక్క: పిడికిట నొక్కితే ఉండ నిలవాలి, వేళ్ల సందుల్లోంచి చుక్క కారకూడదు. మట్టి పోసేముందే బరువైన రాళ్లు, గుహలు ట్యాంకు అడుగు గాజు మీద నేరుగా ఆనించాలి. మట్టిమీద పెడితే గెకో కిందనుంచి తవ్వుతుంది, రాయి కుంగి దాని మీద పడుతుంది. తర్వాత అంగుళం అంగుళం చొప్పున పోస్తూ చెక్కపలకతో కొట్టాలి. ఒకేసారి పోసి పైన కొడితే పై పొరే గట్టిపడుతుంది, అడుగు గుల్లగా మిగులుతుంది. మూత తీసి, దీపం వెలిగించి, పక్కన ఫ్యాన్ పెడితే ఆరడానికి వారం పడుతుంది. వేలితో నొక్కినప్పుడు సొట్ట పడకపోతే గెకోని వదలొచ్చు. తొందరపడి తడిమీద వదిలితే తేమ 60 శాతం దాటి పొట్ట చర్మం ఎర్రబడుతుంది.

మట్టి వేస్తే హీట్ మ్యాట్ తీసేయాల్సిందే. మూడంగుళాల మట్టి వేడిని పైకి రానివ్వదు. వేడిని అదుపుచేసే థర్మోస్టాట్‌కి పైన పెట్టిన ప్రోబ్ చల్లగానే చూపుతుంటుంది, మ్యాట్ ఆగకుండా కాలుతుంది. చల్లదనం కోసం కిందకి తవ్విన గెకోకి గాజు దగ్గర మరింత వేడి తగిలి పొట్ట కాలుతుంది, గాజు కూడా పగలొచ్చు. మేం పైనుంచి 75 వాట్ల హాలోజెన్ ఫ్లడ్ బల్బు, డిమ్మింగ్ థర్మోస్టాట్‌తో వాడుతున్నాం. దానికింద చదునైన స్లేట్ పలక, పలక మీద 34 డిగ్రీల సెల్సియస్, చల్లటి వైపు 24. కొలవడానికి ఇన్‌ఫ్రారెడ్ గన్. ట్యాంకు గోడకు అతికించే గుండ్రటి ముల్లు థర్మామీటర్ మీద ఆధారపడొద్దు, అది చూపేది గోడ దగ్గరి గాలి వేడి మాత్రమే.

నిర్వహణ ఊహించినదానికన్నా తేలిక. గెకో ఒకే మూలలో మలవిసర్జన చేస్తుంది. అక్కడ చిన్న టైల్ ముక్క పెడితే చాలావరకు దాని మీదే పడుతుంది. మట్టిమీద పడితే చుట్టూ చెంచాడు మట్టితో సహా తీసేయాలి. పది రోజులకోసారి చల్లటి వైపు మూలలో పావు లీటరు నీళ్లు పోస్తే దుమ్ము లేవదు. మట్టి పొడిగా ఉంది కదా అని తడిగుహను, అంటే గెకో దూరే చెమ్మ డబ్బాను, మానేయకూడదు. కుబుసం విడిచే సమయంలో అది లేకపోతే వేళ్లకు చర్మం అంటుకుపోయి వేలు ఎండిపోతుంది. మూతున్న డబ్బాకు గుండ్రటి రంధ్రం కోసి, తడిపి పిండిన పేపర్ టవల్ వేస్తే చాలు. స్ఫాగ్నమ్ నాచు కూడా మంచిదే, కానీ అందులో పురుగులు వేయకూడదు, నాచు పోగులు మింగుతుంది. తిండి లోతైన నున్నటి గిన్నెలో, లేదా పట్టుకారుతో. సీసా మూతలో విటమిన్ డి3 లేని క్యాల్షియం పొడి ఎప్పుడూ ఉండాలి.

ఒక్క విషయం ముందే చూసుకోండి: ఈ మట్టి నలభై కిలోలు దాటుతుంది. ట్యాంకు, రాళ్లు కలిపితే ఇంకా ఎక్కువ, పుస్తకాల అలమర మీద పెట్టేది కాదు. ఇంత బరువు మోసే గట్టి స్టాండ్ తెచ్చి, ట్యాంకు అక్కడ పెట్టాకే మట్టి పోయండి, తర్వాత కదపడం కుదరదు. మా మొదటి ట్యాంకులో మట్టి రెండేళ్లు దాటింది. పై అంగుళం మాత్రం ఏడాదికోసారి తీసి కొత్తది కొడుతున్నాం. గెకో కడుపులో పురుగులు గానీ, క్రిప్టో (పేగుకు సోకే క్రిప్టోస్పోరిడియం పరాన్నజీవి) లాంటి జబ్బు గానీ బయటపడితే మాత్రం ఏ మిశ్రమమైనా మొత్తం పారేసి, పేపర్ టవల్‌కి తిరిగి వెళ్లాలి.