పాత ల్యాప్‌టాప్‌లో బీజెడ్ఇమేజ్: ఆరేళ్లు వాడాక

హనుమకొండలో చిన్న కంప్యూటర్ సెంటర్ నడుపుతాను. నా లినక్స్ ల్యాప్‌టాప్ పాతది. 4 జీబీ ర్యామ్, లోపల పాతకాలం హార్డ్‌డిస్క్. ఆరేళ్లుగా దాని కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి ప్రోగ్రాం) సోర్స్ కోడ్ నుంచి నేనే కంపైల్ చేసుకుంటున్నాను. చివర్లో వచ్చే, మెషీన్ బూట్ అయ్యే కుదించిన కెర్నల్ ఫైలే బీజెడ్ఇమేజ్.

పరకాల నుంచి వచ్చే ఒక విద్యార్థి "సార్, బీజెడ్ఇమేజ్ అంటే బీజిప్2తో కుదించిందేనా?" అని అడిగాడు. బీజిప్2 ఫైళ్లను కుదించే ఒక ప్రోగ్రాం. మొదట్లో నేనూ అదే అనుకున్నాను. కాదు, బీ అంటే బిగ్. పాత జెడ్ఇమేజ్ 640 కేబీ లోపలి మెమరీలోనే లోడ్ కావాలి. కెర్నల్ పెరిగి అందులో పట్టకపోయేసరికి, 1 ఎంబీ పైన లోడ్ అయ్యే ఈ రకం వచ్చింది.

కంపైల్ మొదలుపెట్టే మేక్ కమాండ్ కొట్టగానే ముందు వీఎంలినక్స్ అనే పెద్ద ఫైల్ తయారవుతుంది. ఆబ్జ్‌కాపీ అనే టూల్ అందులోని సింబల్స్ (ఫంక్షన్ల పేర్ల పట్టిక), డీబగ్ సమాచారం (తప్పులు వెతకడానికి పనికొచ్చేది) తీసేస్తుంది. మిగిలినది కంప్రెస్ అయి పిగ్గీ అనే ఆబ్జెక్ట్ ఫైల్‌లో కూర్చుంటుంది, దానికి విప్పే కోడ్ లింక్ అవుతుంది, ముందు భాగంలో బూట్‌ను మొదలుపెట్టే సెటప్ కోడ్ అతుక్కుంటుంది. ఎనుమాముల మార్కెట్‌లో కొన్న పత్తిని మిల్లులో నొక్కి బేలు కడతారు కదా, అలాంటిదే. కాకపోతే ఈ బేలు తనను విప్పే మనిషిని కూడా లోపలే పెట్టుకుని వస్తుంది. (64 బిట్ ఏఆర్ఎం ప్రాసెసర్ బోర్డుల్లో సాధారణంగా ఇలా ఉండదు, కుదించిన ఇమేజ్‌ను కెర్నల్‌ను లోడ్ చేసే బూట్‌లోడరే విప్పాలి.)

ఇది తెలియక చాలా రోజులు వృథా చేశాను. ఇమేజ్ చిన్నదవుతుందని డీబగ్ సమాచారం ఆపేశాను. ఇమేజ్ సైజు దాదాపు అంతే ఉంది, ఎందుకంటే అది ఎలాగూ ఇమేజ్‌లోకి రాదు. అయినా ఆపడం మంచిదే అయింది. డిస్క్‌లో చాలా చోటు మిగిలింది, చివర్లో ముక్కలన్నీ కలిపే లింకింగ్‌లో ర్యామ్ చాలక మెషీన్ బిగుసుకుపోవడం తగ్గింది.

ఇమేజ్‌ను కుదించే కంప్రెషన్ పద్ధతుల సంగతికొస్తే, జీజిప్ డిఫాల్ట్, దానితో ఏ ఇబ్బందీ లేదు. ఎక్స్‌జెడ్ ఇమేజ్ అన్నిటికంటే చిన్నది, కానీ ఆన్ చేశాక విప్పుకునే ఆలస్యం నా ప్రాసెసర్‌పై స్పష్టంగా తెలిసేది. ఎల్‌జెడ్4 చటుక్కున విప్పుకుంటుంది, ఫైల్ మాత్రం పెద్దది. 2020లో కెర్నల్ 5.9 వెర్షన్‌తో జెడ్‌స్టాండర్డ్ వచ్చింది. దానికి మారాక మళ్లీ వెనక్కి పోలేదు. చిన్నగానూ ఉంటుంది, త్వరగానూ విప్పుకుంటుంది.

అసలు లాభం మాత్రం మేక్‌తో నడిపే లోకల్‌మాడ్‌కాన్ఫిగ్‌తో. ఆ క్షణంలో లోడ్ అయి ఉన్న మాడ్యూల్స్‌నే (డ్రైవర్ల వంటి విడి ముక్కలు) ఉంచి మిగతావి తీసేస్తుంది. లినక్స్ డిస్ట్రోతో వచ్చే, అన్నీ ఉన్న కాన్ఫిగ్‌తో రాత్రి మొదలుపెడితే తెల్లారేది, ఇప్పుడు గంటలో అయిపోతుంది. ఎండాకాలంలో మధ్యలో కరెంటు పోయి మెషీన్ ఆగినా టెన్షన్ లేదు, మళ్లీ మేక్ కొడితే చాలావరకు ఆగిన చోటి నుంచే సాగుతుంది. ఇమేజ్ కూడా తగ్గాలంటే, మాడ్యూల్‌గా కాకుండా నేరుగా కెర్నల్‌లోనే కలిసిపోయే అంశాలను మెనూలోకి వెళ్లి ఒక్కొక్కటీ తీయాలి. ఓపిక కావాలి, కానీ ఫలితం కనిపిస్తుంది.

ఒకసారి మాత్రం దెబ్బ తిన్నాను. సెంటర్‌లో నెట్ పోయిన రోజు ఫోన్ కేబుల్ పెట్టి టెథరింగ్ చేద్దామంటే ఆ డ్రైవరే లేదు. కాన్ఫిగ్ చేసిన రోజు ఫోన్ తగిలించి లేదు మరి. ఆన్ చేశాక ఏ కెర్నల్ కావాలో అడిగే గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఉంచుకున్నాను కాబట్టి ఆ పూట క్లాసు నడిచింది. ఇప్పుడు లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ నడిపే ముందు ఫోన్, పెన్‌డ్రైవ్, ప్రింటర్, ప్రొజెక్టర్ అన్నీ తగిలించి, ఒక్కసారి వాడి చూసి, అప్పుడే మొదలుపెడతాను.