గజమాల ప్యాకేజీ, బౌన్సర్లు, రోప్ పార్టీ: అభ్యర్థి టూర్‌కి ఏది పనికొస్తుంది, ఏది మెడకు చుట్టుకుంటుంది

ఎన్నికల సీజన్ వస్తే హైదరాబాద్‌లో పూల డెకరేటర్లు ఒక ప్యాకేజీ అమ్ముతారు. గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెచ్చిన బంతి, చామంతితో 20 అడుగుల గజమాల, దాన్ని ఎత్తడానికి హైడ్రా క్రేన్, రెండు జేసీబీల తొట్టెల నిండా పూలు, నాలుగు పేపర్ బ్లాస్టర్లు, ఒక పదివేల టపాసుల లడీ. డ్రోన్ వీడియో అదనం. (ఈ నగరంలో చెరువుల ఆక్రమణలు కూల్చే సంస్థ పేరూ హైడ్రానే, ఆ మాట అనగానే చెరువు పక్క ఇల్లున్నవాళ్లు ఉలిక్కిపడతారు. ఇక్కడ మాట్లాడుతున్నది క్రేన్ గురించే.)

ఈ సమీక్ష టూర్ ఇన్‌చార్జులకు, పీఏలకు, ఎలక్షన్ ఏజెంట్లకు. జనంలో నిజంగా పేరున్న అభ్యర్థిని ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా తిప్పి, మర్నాడు మళ్లీ నిలబెట్టాల్సింది వాళ్లే. మార్కులు ముందే: గజమాల ప్యాకేజీకి 5లో 1, బౌన్సర్లకు 2, సొంత రోప్ పార్టీకి (అభ్యర్థి చుట్టూ తాడు పట్టి నడిచే జట్టుకు) నాలుగున్నర, ఫొటో సర్వీసుకు 4.

ముందు ఈ బేరం ఎవరిదో తెలియాలి. దండ పడేది అభ్యర్థికి, ఆర్డర్ ఇచ్చేది పార్టీ డివిజన్ (వార్డు) ప్రెసిడెంట్. డ్రోన్ వీడియోలో అభ్యర్థి పక్కన చేతులు జోడించి నిలబడేదీ ఆయనే. పక్క డివిజన్‌లో 20 అడుగులదైతే తన దగ్గర 25 అడుగులది ఉండాల్సిందే. అందుకే "దయచేసి దండలు వద్దు" అని అభ్యర్థి మైకులో ఎన్నిసార్లు చెప్పినా చప్పట్లు కొడతారు, దండలు తెస్తారు. ఆర్డర్ ఇచ్చే పదిమందికి ముందురోజు సాయంత్రమే ఫోన్ చేసి, దండకు బదులు ఏం దక్కుతుందో చెబితే ఆగుతుంది. డివిజన్‌కు ఒకే స్వాగత పాయింట్, ప్రచార రథం మీదికి ఎక్కే ఐదుగురి పేర్లు, ప్రెసిడెంట్‌కు రెండు నిమిషాల మైకు. ఆయనకు కావాల్సిన ఫొటో దక్కింది కాబట్టి క్రేన్ మీద పట్టుదల ఉండదు. ఇది చేయకుండా ఉత్త "వద్దన్నా" అంటే "అన్న మొహమాటపడుతున్నాడు" అనుకుని ఇంకో ఐదడుగులు పెంచుతారు.

ఎంత చెప్పినా గజమాల వచ్చేసిందనుకోండి. లోపల గడ్డి, థర్మాకోల్ నింపినా 20 అడుగుల దండ 100 కిలోలు దాటడం పెద్ద విశేషం కాదు. వాడిపోకుండా నీళ్లు చల్లుతారు కాబట్టి సాయంత్రానికి ఇంకా బరువెక్కుతుంది. హైడ్రాకు బరువు పెద్ద సమస్య కాదు, అసలు సమస్య డ్రైవర్ చూపు. బూమ్ ముందుకు చాపి ఉంటుంది, క్యాబిన్‌లోంచి ముందు పక్క ఏముందో సగం కనబడదు. దండ వేలాడదీసి జనం మధ్యలో నడిపించడం ఈ ప్యాకేజీలో అన్నిటికంటే ప్రమాదకరమైన పని, అందరూ చేసేదీ అదే. క్రేన్ ముందే వచ్చి ఒకచోట ఆగాలి. అభ్యర్థి వాహనమే దాని దగ్గరికి వెళ్లాలి.

రెండో సమస్య తీగలు. బస్తీల్లో కరెంటు తీగలు, ఇంటర్నెట్ కేబుళ్లు కలిసి జడలా వేలాడుతుంటాయి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథం తీగలకు తగిలి 5 మంది చనిపోయారు. అది మనుషులు లాగిన రథం. క్రేన్ బూమ్ అంతకంటే ఎత్తుకు లేస్తుంది, అదీ ఇనుమే. బూమ్ కొసకీ తీగలకీ మధ్య 10 అడుగుల ఖాళీ లేకపోతే ఆ పాయింట్‌నే మార్చాలి. రహమత్‌నగర్, బోరబండ లాంటి చోట్ల లోపలి గల్లీల్లో ఇంత ఖాళీ దొరకదు, మెయిన్ రోడ్డు మీదే చూసుకోవాలి. రంగురంగుల మెరుపు కాగితాల బ్లాస్టర్లు కూడా ఇదే కారణంతో వద్దు. ఆ మెరుపు లోహపు పూత, తీగల మీద పడితే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

దండను మెడలో వేయబోవద్దు. వాహనానికి ఐదారు అడుగుల ముందు తోరణంలా నిలిపి, కింది రెండు కొసలకు తాళ్లు కట్టి చెరో మనిషి పట్టుకుంటే ఊగదు. అభ్యర్థి చేత్తో తాకి దండం పెడతారు, ఫొటో అయిపోతుంది, 40 సెకన్లు చాలు. తప్పు జరిగేది ఆ తర్వాత. దండను కిందికి దించితే పూల కోసం జనం ఎగబడతారు. ముందు చేతులకందని ఎత్తుకు లేపాలి, అభ్యర్థి వాహనం వెళ్లాక, జనం పలచబడ్డాక దించాలి. యాపిల్, బత్తాయి దండలైతే అసలే వద్దు. పువ్వు కోసం తోసుకునేవాళ్లు పండు కోసం కొట్టుకుంటారు, పైనుంచి రాలిన యాపిల్ తలకు తగిలితే రాయితో సమానం.

జేసీబీ పూలవాన గురించి రెండే మాటలు. తొట్టె మట్టి ఎత్తడానికి చేసింది, మనుషుల్ని నిలబెట్టడానికి కాదు. పూలు చల్లే కుర్రాళ్లను అందులో ఎక్కించనని డెకరేటర్ చెప్పకపోతే ఆర్డరే వద్దు. చల్లేది విడి రేకులే అయి ఉండాలి. తొడిమతో సహా బంతిపూలు ఎత్తు నుంచి కంటికి తగిలితే ఆ రోజు టూర్ అక్కడితో సరి.

క్రేన్ దండకంటే చేతిదండల్లో చిక్కు ఎక్కువ, దీన్ని ఎవరూ పట్టించుకోరు. పాత పద్ధతిలో అరటినార, నూలుదారంతో కట్టినవి లాగితే తెగుతాయి. ఇప్పుడు చాలావరకు నైలాన్ దారం వాడుతున్నారు, అది తెగదు. వెనక నుంచి ఒకడు దండ పట్టుకుంటాడు, ముందు నుంచి ఇంకొకడు చెయ్యి పట్టి లాగుతాడు. రాత్రికి అభ్యర్థి మెడ వెనక ఎర్రటి గీత తేలి, మర్నాడు కాలర్ తగిలితే మంట. మందు సులువు: పక్కన ఒక మనిషికి అదే పని అప్పజెప్పాలి. దండ పడిన క్షణంలోనే రెండు చేతులతో తలమీదుగా తీసి వెనక సంచిలో వేయాలి, జేబులో మొండి కొసల కత్తెర ఉండాలి. వేసినవాళ్లకు కోపం రాకుండా అభ్యర్థి ఆ దండను ఒక్కసారి చేత్తో తాకితే చాలు. శాలువాలకూ ఇదే పద్ధతి. బొకేల్లో గుండుసూదులు ఉంటాయి, అవి అభ్యర్థి చేతికి వెళ్లకూడదు.

ఉంగరాలు, గడియారం, మెడలో గొలుసు వాహనంలోనే వదిలి దిగాలి. ఫుల్ చేతుల చొక్కా అయితే గోళ్ల గీతలు తగ్గుతాయి. చెయ్యి చాపితే లాగుతారు కాబట్టి మోచేయి నడుముకు ఆనించి, అరచెయ్యి కిందికి పెట్టి తాకుతూ వెళ్లాలి. ఆగి చెయ్యి కలపాల్సింది ముసలివాళ్లతో, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులతో మాత్రమే.

కాళ్లు మొక్కడం వేరే సంగతి. గుంపులో వంగినవాళ్లు మళ్లీ లేవలేరు, వెనకవాళ్లు మీద పడతారు. అభ్యర్థి వెనక్కి అడుగేస్తే వెనకున్నవాళ్లూ తూలతారు. అవతలివాళ్లు వంగబోతుండగానే రెండు మోచేతులు పట్టి ఆపాలి, "అయ్యో అమ్మా, నువ్వు నాకు దీవెనియ్యాలె" అంటే ఆమె చెయ్యి తలమీదికి వస్తుంది, అది ఇంకా మంచి ఫొటో. భద్రత కోణం కూడా ఉంది. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ దగ్గరికి హంతకురాలు చేరింది దండతోనే, పేలుడు జరిగింది కాళ్లు మొక్కడానికి వంగినప్పుడే. భద్రత ఉన్న నాయకుడైతే దండలు వేసేవాళ్ల జాబితాను గన్‌మన్‌కి ముందే ఇవ్వాలి, జాబితాలో లేని దండను పక్కన మనిషే తీసుకోవాలి.

బౌన్సర్ల సర్వీసుకు 2 మార్కులే ఎందుకంటే, వాళ్లు పబ్ గేటు దగ్గర నేర్చుకున్న పనిని బస్తీలో చేస్తారు. మొహం చూడకుండా ఛాతీతో తోస్తారు. తోయించుకున్నది బూత్ ఇన్‌చార్జి తండ్రి అయితే ఆ ఇంటి ఓట్లన్నీ అక్కడే పోయాయి. నల్లచొక్కాల మధ్య నడిచే అభ్యర్థిని చూసి "గెలవకముందే ఇట్లుంటే" అనే మాట ఎలాగూ వస్తుంది. తప్పనిసరైతే ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం, 2005 కింద లైసెన్సు ఉందో లేదో చూసి, ఇద్దరు ముగ్గుర్ని వాహనం దగ్గరే ఉంచాలి. ఆడవాళ్ల గుంపు ఉన్నచోట మహిళా సిబ్బంది లేకపోతే వీళ్లను పంపనే వద్దు.

రోప్ పార్టీకి ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. బొటనవేలు మందం నూలుతాడు 60 అడుగులు, దాన్ని పట్టడానికి పది, పన్నెండు మంది. సగం మంది ఆ డివిజన్ వాళ్లే అయి ఉండాలి, ఎందుకంటే "రాజన్నా, జర జరుగవే" అని పేరుపెట్టి పిలిస్తే జరిగినంతగా తోస్తే జరగరు. తాడు నడుము ఎత్తులో ఉండాలి, ఛాతీకి లేస్తే ఊపిరాడదు. కొసలు ముడి వేయకూడదు, చేతికి చుట్టుకోకూడదు. ఎవరైనా కింద పడితే "తాడు" అని ఒక్క కేక, అందరూ వదిలేయాలి. ఇది ముందురోజు ఖాళీ రోడ్డు మీద పది నిమిషాలు సాధన చేయిస్తేనే వస్తుంది. లోపల అభ్యర్థితో నలుగురే: దండల మనిషి, ఫోన్ల మనిషి, గన్‌మన్, స్థానికుల పేర్లు చెవిలో చెప్పేవాడు. ఐదోవాడు ఎవరైనా సరే, ఫొటో కోసం దూరినవాడే.

జనం ఎక్కువైతే ఏ తాడూ ఆపదు, లెక్క ముందే ఉండాలి. చదరపు మీటరుకు నలుగురు నిలబడితే కదలగలరు, ఆరుగురైతే చేతులు కూడా లేవవు. 30 అడుగుల రోడ్డులో 100 అడుగుల పొడవు అంటే సుమారు 280 చదరపు మీటర్లు, 1100 మంది దాటితే అభ్యర్థి కిందికి దిగకూడదు. ఆలస్యం ఈ లెక్కను చెడగొడుతుంది. 2025 సెప్టెంబరు 27న తమిళనాడులోని కరూర్‌లో సినీనటుడు విజయ్ పార్టీ సభలో 41 మంది చనిపోయినప్పుడు జనం గంటల తరబడి ఎదురుచూసి అలసిపోయి ఉన్నారు. 2022 డిసెంబరు 28న కందుకూరులో చంద్రబాబు రోడ్ షోలో 8 మంది చనిపోయారు, తోపులాటలో పలువురు పక్కనున్న కాలువలో పడ్డారు. కాబట్టి స్వాగత పాయింట్ చూసేటప్పుడు మూతలేని నాలా ఉందేమో చూడాలి. గంట దాటి ఆలస్యమైతే ఒక పాయింట్ రద్దు చేసి, అక్కడివాళ్లకు ముందే కబురు పంపాలి.

ప్రచార రథం ఎత్తు గురించి బేరం ఆడకండి. 1982లో ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యాన్‌ని చైతన్య రథంగా మార్చి పైకెక్కి మాట్లాడారు. పైనున్న మనిషి దూరానికీ కనబడతాడు, జనానికి ముందుకు తోసుకురావాల్సిన అవసరం తగ్గుతుంది. సన్‌రూఫ్ కారులోంచి నిలబడితే పది వరుసలకే కనబడతారు, మిగతావాళ్లంతా దగ్గరికి వస్తారు. అయితే రెయిలింగ్ మీద ఆనుకునేవాళ్ల సంఖ్య కట్టుదిట్టంగా చూడాలి. 2023 నవంబరులో ఆర్మూర్‌లో డ్రైవర్ సడన్ బ్రేక్ వేస్తే కేటీఆర్ ఉన్న వాహనం రెయిలింగ్ విరిగి నాయకులు ముందుకు పడ్డారు. పైకి ఎక్కేది అభ్యర్థితో కలిపి ఆరుగురు, వాహనం కదిలేటప్పుడు అందరి చెయ్యి వెనక కడ్డీ మీద ఉండాలి.

ఇప్పుడు అసలు దెబ్బ. నామినేషన్ నుంచి ఫలితాల దాకా క్రేన్, దండ, లడీ, డప్పు, నీళ్ల సీసా అన్నీ ఎన్నికల ఖర్చే. అసెంబ్లీ అభ్యర్థి పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. ఎన్నికల అధికారుల వీడియో టీమ్ తీసిన దృశ్యాన్ని చూసి, జిల్లా ఎన్నికల అధికారి ప్రకటించిన రేట్ల ప్రకారం, వాళ్లు విడిగా నడిపే షాడో రిజిస్టర్‌లో అభ్యర్థి ఖర్చుగా రాస్తారు. "మా వాళ్లు ఇష్టంతో పెట్టారండీ" అంటే కుదరదు. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయన కోసం ఖర్చుపెట్టడమే నేరం. ఒక మనిషికి మొత్తం 10 వేలు దాటి నగదుగా ఇవ్వకూడదు, ఎన్నికల ఖాతాలోంచి చెక్కో ఆన్‌లైనో. క్రేన్ కోరిక పట్టిన ప్రెసిడెంట్‌కి ఈ సంగతి చెప్పి, "బిల్లు నీ పేరున రాయమంటావా అన్నా" అని అడగండి. సగం క్రేన్లు ఆ ఫోన్‌లోనే వెనక్కి పోతాయి.

దండకు బదులు నోటుపుస్తకాలు తెమ్మనడం మంచి అలవాటే, కానీ ఎన్నికల కోడ్ అమల్లో లేనప్పుడు మాత్రమే. కోడ్ ఉండగా ఆ పుస్తకాలు పంచితే ఓటర్లకు ప్రలోభం అని కేసవుతుంది.

ఫొటో సర్వీసు బాగుంది. ఫొటోగ్రాఫర్ ఒకచోట నిలబడి తీస్తాడు, అభిమాని క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి తన ముఖం చూపిస్తే ఫొటో ఫోన్‌కి వస్తుంది. సెల్ఫీకి 15 సెకన్లు పట్టేచోట 3 సెకన్లలో అయిపోతుంది. గోడను వెనక పెట్టుకుని, ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు వెళ్లేలా వరుస పెట్టాలి. ఒక మార్కు తగ్గించింది ముఖాల డేటా వల్ల. ఎన్నిరోజుల్లో తుడిచేస్తారో కాగితం మీద రాయించుకోకుండా ఇవ్వకండి.

ఇక "సీఎం, సీఎం" కేకలు. ఏ ప్యాకేజీలోనూ దీనికి మందు లేదు. కేక మీద కేక వేస్తే అభ్యర్థి గొంతు పోతుంది, కసురుకుంటే ఆ క్లిప్పే సాయంత్రానికి వాట్సాప్‌లో తిరుగుతుంది. చెయ్యి పైకెత్తి పది సెకన్లు మౌనంగా ఉండాలి. సౌండ్ ఆపరేటర్‌కి ముందే చెప్పి ఆ పది సెకన్లు డీజే పాట వేయకుండా చూడాలి, లేదంటే వాడు ఉత్సాహంగా వాల్యూమ్ పెంచుతాడు. ఆ తర్వాత మొదటి మాట ఆ గల్లీ సమస్య మీద ఉండాలి: నల్లా ఎన్ని రోజులకోసారి వస్తోంది, మ్యాన్‌హోల్ మూత ఎప్పటి నుంచి లేదు. రాత్రి 10కి మైకు కట్టేయాలి కాబట్టి చివరి పాయింట్‌ను 9.15కే పెట్టి, ఆపరేటర్ నంబర్, హైడ్రా డ్రైవర్ నంబర్ రెండూ డెకరేటర్ దగ్గర కాకుండా టూర్ ఇన్‌చార్జి ఫోన్‌లో ఉండేలా చూసుకోండి.