నాలుగేళ్లుగా ఓపీఏ2365: ఒకే 5 వోల్టుల సప్లై మీద నా అనుభవం

మా అపార్ట్‌మెంట్ మీది ట్యాంకులో నీటి మట్టం కొలవడానికి 40 కిలోహెర్ట్జ్ అల్ట్రాసోనిక్ రిసీవర్ ఒకటి నేనే తయారు చేసుకున్నాను. దానిలో ఓపీఏ2365 అనే ఆప్-ఆంప్ (చిన్న సిగ్నల్‌ను పెద్దది చేసే చిప్) పెట్టి నాలుగేళ్లు దాటింది. ఎండల్లో, ఆవిరిలో ట్యాంకు మూత పక్కనే ఉంటోంది, ఇప్పటిదాకా చిప్ మార్చలేదు.

ముందు వాడింది ఎల్ఎం358 అనే ఆప్-ఆంప్. కోఠి గుజరాతీ గల్లీలో ఏ కొట్టులో అడిగినా ఇస్తారు. కానీ దాని స్లూ రేటు, అంటే అవుట్‌పుట్ వోల్టేజీ మారగల గరిష్ఠ వేగం, మైక్రోసెకనుకు 0.3 వోల్టే. 40 కిలోహెర్ట్జ్ దగ్గర 3 వోల్టుల పీక్-టు-పీక్ సైన్ వేవ్‌కు దాదాపు 0.38 కావాలి. అందుకే ఆసిలోస్కోపులో నాకు సైన్ వేవ్ బదులు త్రిభుజం కనిపించేది. 100 రెట్లు గెయిన్ (సిగ్నల్ పెంపు) అడిగితే బ్యాండ్‌విడ్త్ (అది పెంచగల ఫ్రీక్వెన్సీల హద్దు) 10 కిలోహెర్ట్జ్‌కు పడిపోతుంది, ఇక ఎకో ఎక్కడ వినిపిస్తుంది?

ఓపీఏ2365కు గెయిన్-బ్యాండ్‌విడ్త్ 50 మెగాహెర్ట్జ్, స్లూ రేటు 25. 100 రెట్లు గెయిన్‌లోనూ 500 కిలోహెర్ట్జ్ మిగులుతుంది. అవుట్‌పుట్ దాదాపు రెండు రైల్స్‌నూ, అంటే సప్లై అంచులైన 0, 5 వోల్టులను, తాకుతుంది. రైల్-టు-రైల్ ఇన్‌పుట్ చిప్‌లలో చాలావాటికి రెండు ఇన్‌పుట్ జతలు ఉంటాయి, ఒకటి వదిలి ఇంకొకటి అందుకునే చోట ఆఫ్‌సెట్ (ఇన్‌పుట్‌లో ఉండే చిన్న వోల్టేజీ తేడా) మారుతుంది. దీనిలో లోపలి చార్జ్ పంప్ (సప్లై కంటే ఎక్కువ వోల్టేజీ తయారు చేసే సర్క్యూట్) వల్ల ఒకే జత మొత్తం చూసుకుంటుంది. నా ఇన్‌పుట్ 2.5 వోల్టుల చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ఆ సుగుణం నాకు పెద్దగా అక్కరకు రాలేదు. బఫర్‌గా (గెయిన్ 1తో, సిగ్నల్‌ను ఉన్నదున్నట్టు అందించేలా) వాడేవాళ్లకు మాత్రం అదే అసలు విలువ.

నన్ను నెల రోజులు ఏడిపించింది రెండో స్టేజి. గెయిన్ 2 కోసం పాత అలవాటు కొద్దీ రెండు 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టాను. స్క్వేర్ వేవ్ ఇస్తే ప్రతి అంచు వెనకా ఏడెనిమిది అలలు! స్కోపు ప్రోబ్‌ను 1ఎక్స్‌లో (సర్క్యూట్ మీద ఎక్కువ కెపాసిటెన్స్ వేసే అమరికలో) ఆనిస్తే గీత ఏకంగా లావెక్కి ఆసిలేట్ అయ్యేది. చిప్ నకిలీదేమోనని టెన్షన్ పడి ఇంకొకటి తెప్పించాను, అదీ అంతే. లెక్క వేస్తే తెలిసింది: సమాంతరంగా 50 కిలో ఓమ్‌లు, ఇన్‌పుట్ కాళ్ల దగ్గర ట్రాకుతో కలిపి సుమారు 10 పికోఫారడ్‌లు, అంటే 318 కిలోహెర్ట్జ్ దగ్గరే ఒక పోల్ (ఆ పైన ఫీడ్‌బ్యాక్ సిగ్నల్ తగ్గి, ఆలస్యమయ్యే ఫ్రీక్వెన్సీ). రెండిటినీ 1 కిలో ఓమ్ చేశాను, పోల్ 30 మెగాహెర్ట్జ్ దాటింది, అలలు మాయం. 10ఎక్స్ ప్రోబ్, పొడవాటి గ్రౌండ్ క్లిప్ బదులు చిన్న స్ప్రింగ్ వాడితేనే నిజం కనిపిస్తుంది. ఈ చిప్‌ను బ్రెడ్‌బోర్డు మీద పెట్టొద్దని గట్టిగా చెబుతాను. కింద గ్రౌండ్ ప్లేన్, సప్లై కాలికి ఆనుకుని 100 నానోఫారడ్ కెపాసిటర్ ఉండాల్సిందే.

ఒకే సప్లై కాబట్టి సిగ్నల్ తిరగడానికి మధ్య బిందువుగా సగం వోల్టేజీ కావాలి, దాని కోసం డివైడర్‌గా రెండు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాను. కెపాసిటర్ లేకపోతే సప్లై మీది రొదలో సగం నేరుగా సిగ్నల్‌లోకి వస్తుంది, దాన్ని మొదటి స్టేజి వంద రెట్లు చేస్తుంది. ఆ 2.5 వోల్టులను బఫర్ చేద్దామని ఆప్-ఆంప్ అవుట్‌పుట్‌కు నేరుగా కెపాసిటర్ కలిపితే అదీ ఆసిలేట్ అయింది. బఫర్ తీసేశాను. గెయిన్ రెసిస్టర్‌కు గ్రౌండ్ వైపు సిరీస్‌లో కెపాసిటర్ పెడితే డీసీకి గెయిన్ 1 అవుతుంది, మధ్య బిందువు చెదరదు.

లోటు చెప్పాలంటే కరెంటు. ఒక్కో యాంప్లిఫయర్‌కు 4.6 మిల్లీఆంపియర్‌లు, చిప్‌లో ఉన్న రెండింటికీ కలిపి 9 దాటుతుంది. ధర కూడా ఎల్ఎం358కు ఎన్నో రెట్లు. నాది బ్యాటరీతో నడిచేది కాబట్టి కొలిచేటప్పుడు మాత్రమే ట్రాన్సిస్టర్‌తో పవర్ ఇస్తున్నాను. మొదట్లో ప్రతి రీడింగూ తప్పే వచ్చేది, ఎందుకంటే ఆ డివైడర్ టైమ్ కాన్‌స్టెంట్ (కెపాసిటర్ దాదాపు మూడింట రెండొంతులు నిండే సమయం) 50 మిల్లీసెకన్లు, నేనేమో ఆన్ చేసిన వెంటనే కొలిచేవాణ్ణి. ఇప్పుడు 300 మిల్లీసెకన్లు ఆగి కొలుస్తున్నాను. మూడు మీటర్ల లోతు నుంచి 17 మిల్లీసెకన్ల తర్వాత వచ్చే ఎకో స్కోపులో నున్నటి సైన్ వేవ్‌లా కనిపిస్తోంది.