మావర్దీ నుంచి పంచసిల వరకు: ఒక ఆన్‌లైన్ కోర్సు సమీక్ష

ప్రాచీన ఇస్లామిక్ రాజనీతి చింతనను, ఇండోనేసియా జాతీయ సిద్ధాంతమైన పంచసిలను కలిపి బోధించే ఈ ఆన్‌లైన్ కోర్సులో మొదటి భాగం డబ్బు పెట్టి వినదగినది. అబ్బాసీ కాలపు న్యాయకోవిదుడు అల్-మావర్దీ (మరణం 1058) ఖలీఫాకు ఉండవలసిన ఏడు అర్హతలను, అతడు నెరవేర్చవలసిన పది విధులను నిర్దేశించాడు. ఆయన జీవితంలో చాలాకాలం బాగ్దాదులో అసలు పెత్తనం ఖలీఫాది కాక, బువైహీ వంశపు అమీర్లదేనన్న (సైనిక పాలకులదేనన్న) సంగతిని అధ్యాపకుడు మరువనివ్వరు. అందువల్ల ఆ జాబితాలు నీతిపాఠంలా కాక, పేరుకే మిగిలిన పదవికి శాస్త్రబలం చేకూర్చే ప్రయత్నంగా బోధపడతాయి. బలంతో ఒక ప్రాంతాన్ని ఆక్రమించుకున్న అమీరును సైతం, అతడు షరీయత్‌కు, ఖలీఫా పదవికి కట్టుబడితే, అవసరం దృష్ట్యా ఆమోదించవచ్చునన్న భాగంపై ఇచ్చిన వివరణ ఈ కోర్సుకే తలమానికం.

రెండో భాగంలో ఆ పట్టు సడలింది. పంచసిలలోని సామాజిక న్యాయాన్ని మావర్దీ చెప్పిన న్యాయగుణానికి, ప్రజాప్రతినిధుల సంప్రదింపులను ఇస్లామిక్ సంప్రదాయంలోని షూరాకు (సలహా సంప్రదింపులకు) ముడిపెట్టి, రెండూ ఒకటేనన్నట్లు పాఠం సాగిపోతుంది. ఖలీఫా ప్రవక్త ముహమ్మద్ పుట్టిన ఖురైష్ వంశీయుడై ఉండాలన్న మావర్దీ షరతు గణతంత్రంలో ఏమవుతుందన్న ప్రశ్నే తలెత్తదు. ఇండోనేసియా రాజ్యాంగ పీఠికకు ముసాయిదా అయిన 1945 జూన్ 22 నాటి జకార్తా ఒడంబడికలో ముస్లింలకు షరీయత్ పాలనను విధిగా పేర్కొన్న మాటలను అదే ఏడాది ఆగస్టు 18న తొలగించిన ఘట్టం ఒక్క స్లైడుతో ముగుస్తుంది.

అంతకన్నా పెద్ద లోటు 1954 నాటి సంగతిని వదిలేయడం. ఆ ఏడాది ఇండోనేసియా ఉలమాలు (ఇస్లామిక్ మతపండితులు) సమావేశమై, అధ్యక్షుడు సుకర్ణోను అవసరం రీత్యా, చేతిలో ఉన్న బలం రీత్యా పాలకుడిగా గుర్తించారు. దాని వెనుక ఉన్నది నికాహ్ సమస్య: వలీ (వధువు తరఫున పెళ్లి జరిపించే సంరక్షకుడు) లేని వధువుకు ప్రభుత్వాధికారి వలీగా నిలవాలంటే ఆ హక్కు అతనికి పాలకుడి నుంచి సంక్రమించాలి, పాలకుడి అధికారమే శాస్త్రసమ్మతం కాకపోతే ఆ పెళ్లి చెల్లుబాటే సందేహంలో పడుతుంది. ఆక్రమించుకున్న అమీరు విషయంలో మావర్దీ వాడిన తర్కమే ఇక్కడ ఒక గణతంత్రాధ్యక్షుడికి అక్కరకొచ్చింది. ఇది చెప్పి ఉంటే, 1984లో ఇండోనేసియాలోని పెద్ద ముస్లిం సంస్థ నహ్దతుల్ ఉలమా పంచసిలను అంగీకరించడం కేవలం నాటి అధ్యక్షుడు సుహార్తో ఒత్తిడి ఫలితమా, లేక దానికి ఫిఖ్హ్‌లోనూ (ఇస్లామిక్ ధర్మశాస్త్రంలోనూ) మూలాలున్నాయా అన్న చర్చకు దారి దొరికేది.

ప్రశ్నల విభాగంలో ఈ విషయం ప్రస్తావిస్తే, అది పాఠ్యప్రణాళిక పరిధిలోకి రాదన్న జవాబు వచ్చింది. రెండు భాగాలనూ విడివిడిగా అమ్మే ఏర్పాటు ఉంటే మొదటిది మాత్రమే తీసుకోవచ్చు; ప్రస్తుతానికి ఆ వీలు లేదు.