జర్మానిక్ భాషల పుట్టుకపై ఒక ఆన్‌లైన్ కోర్సు: భాషకు ఎక్కువ మార్కులు, చరిత్రకు తక్కువ

ఇంగ్లిష్, జర్మన్ వంటి భాషలకు మూలమైన ప్రాచీన జర్మానిక్ జాతుల గురించీ, వారి భాషల పరిణామం గురించీ ఈ మధ్య నేను డబ్బు కట్టి చేరిన ఆన్‌లైన్ కోర్సులో భాష పాఠాలు ఎంత శ్రద్ధగా తయారయ్యాయో, చరిత్ర పాఠాలు అంత అశ్రద్ధగా ఉన్నాయి.

పాత మూలభాషలోని హల్లులు జర్మానిక్‌లో ఎలా మారాయో చెబుతూ జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ 1822లో సూత్రీకరించిన ధ్వని మార్పును సాధారణంగా ఒక పట్టికగా ఇచ్చి వదిలేస్తారు. ఇక్కడ మాత్రం సంస్కృత 'పాద' శబ్దాన్నీ ఇంగ్లిష్ 'ఫుట్'నూ పక్కపక్కన వినిపించి, ప స్థానంలో ఫ, ద స్థానంలో ట వచ్చిన తీరును ఒక్క మాటలోనే పట్టిచ్చారు. అంతకన్నా గొప్ప పాఠం ఆ సూత్రానికి లొంగని మాటల మీద ఉంది. పితర్, భ్రాతర్ రెండింటిలోనూ ఉన్నది తకారమే అయినా ప్రాచీన జర్మానిక్ భాష అయిన గోతిక్‌లో ఒకటి 'ఫదర్', రెండోది 'బ్రోథర్' ఎందుకయ్యాయి? వేదస్వరంలో ఊనిక మొదటి మాటకు రెండో అక్షరం మీద, రెండో మాటకు మొదటి అక్షరం మీద పడటమే కారణమని డెన్మార్క్ పండితుడు కార్ల్ వెర్నర్ 1870లలో తేల్చాడు. వివరణ కంటే ముందు ఆ స్వరాలను మనకు వినిపించడం వల్ల తేడా చెవికే తెలిసిపోతుంది. నేటి జర్మన్‌లోని 'ఫాటర్', 'బ్రూడర్'లలోనూ ఆ జాడ మిగిలే ఉందని చెప్పినప్పుడు పాఠం ఆపి మళ్ళీ విన్నాను.

1734లో దొరికి, 1802లో దొంగ చేతిలో కరిగిపోయిన డెన్మార్క్‌లోని గాలెహూస్ బంగారు కొమ్ము మీద రూనిక్ అనే పాత జర్మానిక్ లిపిలో ఉన్న వాక్యాన్ని పదం పదంగా విడదీసిన తీరూ బాగుంది. అయితే ప్రాచీన జర్మానిక్ నుంచి అరువు తెచ్చుకున్న 'రాజు' అని అర్థమిచ్చే మాటను ఫిన్నిష్ భాష 'కునింగస్' అంటూ దాదాపు పాత రూపంలోనే దాచుకున్న సంగతిని ప్రస్తావించకపోవడం పెద్ద లోపం.

చరిత్ర భాగంలో గోత్‌లకూ వాండల్‌లకూ సాక్సన్‌లకూ రంగురంగుల సరిహద్దులు గీసిన పటాలు చూపి, అవి ఆధునిక దేశాలేమో అన్న భ్రమ కలిగించారు. క్రీ.శ. 98లో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ ఈ జాతుల గురించి రాసినదాన్ని కళ్ళారా చూసినవాడి వాంగ్మూలంలా చదివారు గానీ, ఆయన ఆ ప్రాంతాలకు వెళ్ళాడనడానికి ఆధారమేమీ లేదు. ఉత్తర జర్మనీలోని ఇనుప యుగపు యాస్టోర్ఫ్ సంస్కృతి మట్టిపాత్రలను చూపి, వాటిని చేసినవారంతా జర్మానిక్ భాషే మాట్లాడారని ఖాయం చేయడం మరీ తొందరపాటు.

సబ్‌టైటిళ్ళలో గోతిక్ మాటలన్నీ తప్పులే. సంస్కృతంతో కొద్దిపాటి పరిచయం ఉన్నవారు భాష పాఠాల కోసం ఈ కోర్సులో నిస్సందేహంగా చేరవచ్చు. పటాలున్న పాఠాలను దాటేసినా నష్టం లేదు.