మంచుకు ఏది కొనుక్కోవాలి, ఏది అద్దెకు తీసుకోవాలి: మనాలి, తంగ్‌మర్గ్, సాంక్రీ అనుభవాలు

కృష్ణా తీరంలోనో రాయలసీమలోనో పుట్టి పెరిగినవారికి చలి అంటే ధనుర్మాసపు తెల్లవారుజామున కప్పుకునే దుప్పటి, మహా అయితే లంబసింగిలో పొగమంచు చూడటానికి వెళ్లినప్పుడు వేసుకునే స్వెటర్. అందువల్ల శీతాకాలంలో హిమాచల్‌కో కశ్మీర్‌కో ప్రయాణం కట్టగానే ఇంట్లో మొదట తలెత్తేది బట్టల ప్రశ్నే. తలకొక మంచుకోటు, బూట్లు కొనాలంటే నలుగురున్న కుటుంబానికి రైలు టికెట్లకు మించిన ఖర్చవుతుంది. తిరిగివచ్చాక అవి అట్టపెట్టెలో చేరి అటకెక్కుతాయి. పిల్లలవైతే మరుసటి ఏటికే పొట్టివైపోతాయి. విమానంలో వెళ్లేవారికి ఇంకొక చిక్కు కూడా ఉంది: దేశంలోపల తిరిగే విమానాల్లో సాధారణంగా మనిషికి 15 కిలోల సామానునే అనుమతిస్తారు, బరువైన బూట్లూ కోట్లూ అందులో సగం మింగేస్తాయి. కనుక అద్దెకు తీసుకోవడం తెలివైన పనే. అయితే అన్నింటినీ కాదు. ఒంటికి తగిలేవన్నీ మన సొంతమై ఉండాలి, మంచుకు తగిలేవి అద్దెవైనా ఫరవాలేదు. వేర్వేరు శీతాకాలాల్లో హిమాచల్‌లోని మనాలి, కశ్మీర్‌లోని గుల్మర్గ్, ఉత్తరాఖండ్‌లోని సాంక్రీ చూసివచ్చాక మేము పెట్టుకున్న నియమం ఇది.

మనాలి సముద్రమట్టానికి సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉంది. జనవరిలో రాత్రిపూట ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు జారుతుంది గానీ, ఎండ కాసిన రోజున మధ్యాహ్నం 10 డిగ్రీల దాకా చేరుతుంది. కాబట్టి మాల్ రోడ్డులో తిరగడానికి, దేవదారు చెట్ల నడుమ ఉన్న హిడింబా ఆలయం చూడటానికి, వసిష్ఠ్‌లోని వేడినీటి బుగ్గల దాకా నడవడానికి మంచు సూటు అక్కరలేదు. లోపల థర్మల్స్, వాటిపై ఉన్ని స్వెటర్, ఆపైన గాలిని ఆపే జాకెట్ ఉంటే చాలు. ఈ మూడింటినీ ఇంటి దగ్గరే సమకూర్చుకోవాలి. ఉన్ని బట్టలకు పెద్ద దుకాణాలే కానవసరం లేదు. చలికాలంలో మన ఊళ్లకు వచ్చి దుకాణాలు పెట్టే టిబెటన్ల దగ్గర దొరికే స్వెటర్లు ఈ పనికి చక్కగా సరిపోతాయి. లోపల నూలు బనియన్లు మాత్రం వద్దు. నూలు చెమటను పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, ఆ తడి ఒంటి వేడిని లాగేస్తుంది. జీన్స్ ప్యాంటు సంగతీ అంతే. ఒకసారి మంచులో కూర్చుని లేస్తే సాయంత్రం దాకా ఆరదు.

అద్దె సూటు అవసరమయ్యేది మంచులో దిగి ఆడినప్పుడే, అంటే 13 కిలోమీటర్ల దూరంలోని సోలంగ్ లోయలోనో, అటల్ సొరంగం దాటి సిస్సు, కోక్సర్ వైపో. రోహ్‌తాంగ్ కనుమ 3,978 మీటర్ల ఎత్తున ఉంది, శీతాకాలమంతా దాని దారి మూసే ఉంటుంది. జనవరిలో ఎవరైనా రోహ్‌తాంగ్ చూపిస్తామంటే సొరంగం వైపు తీసుకువెళ్తామని అర్థం చేసుకోవాలి. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన ఆ సొరంగం పొడవు 9.02 కిలోమీటర్లు. అది వచ్చాక, ఒకప్పుడు శీతాకాలంలో బయటి లోకానికి దూరమైపోయే, సొరంగం అవతలి లాహౌల్ లోయకు రోడ్డు తెరిచి ఉన్న రోజుల్లో ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

మనాలి దాటి పల్‌చాన్ వైపు సాగే దారి పొడవునా సూట్ల దుకాణాలే. ఒక్కొక్కదానికి ఒక నంబరు, తాళ్లపై వేలాడే ఎరుపు, నీలం, పసుపు, గులాబీ సూట్లు, బయట వరుసగా పేర్చిన రబ్బరు బూట్లు. మనం అడగకముందే టాక్సీ ఒక దుకాణం ముందు ఆగుతుంది. డ్రైవరుకు అక్కడ కమీషను ఉంటుంది. అది బహిరంగ రహస్యమే, దానికి కోపం తెచ్చుకోవడం అనవసరం. కానీ ఆ కమీషను మన అద్దెలోనే కలిసి ఉంటుందని గుర్తుంచుకోవాలి. మేము వెళ్లినప్పుడు అక్కడ సూటు, బూట్లు కలిపి మనిషికి 400 రూపాయలు చెప్పి, బేరం మీద 300కు దిగారు. ముందురోజు సాయంత్రం ఊళ్లోని ఒక చిన్న దుకాణంలో అడిగితే అవే 250కి ఇస్తామన్నారు. తేడా పెద్దది కాదు. అయినా ఊళ్లో తీసుకోవడమే మేలని నా అభిప్రాయం, డబ్బు కోసం కాదు, తీరిక కోసం. రోడ్డు పక్కన వెనుక బండ్లు హారన్లు కొడుతుంటే, డ్రైవరు తొందరపెడుతుంటే, ఏ సూటు చేతికిస్తే దానిలో దూరిపోతాం. సాయంత్రం దుకాణంలో కూర్చుని నాలుగైదు తొడిగి చూసుకోవచ్చు.

చూడవలసింది పైరంగు కాదు, లోపలి లైనింగు. సీజన్‌లో ఈ సూట్లు రోజూ ఉతికే వీలు లేనివి. నిన్న ఎవరో మంచులో పొర్లి తిరిగి ఇచ్చినదే ఈ ఉదయం మనకు వస్తుంది. చేయి లోపలికి పెట్టి మోచేతుల దగ్గర, మోకాళ్ల దగ్గర, పిరుదుల దగ్గర తడి ఉందేమో తడిమి చూడాలి. తడిగా ఉన్న సూటు వేసుకోవడం కంటే అసలు వేసుకోకపోవడమే నయం. జిప్పు మెడ దాకా పడుతుందా, కాలి అంచున ఎలాస్టిక్ బిగువుగా ఉందా అన్నవి ఆ తర్వాత చూడాలి. అంతకుముందే ఉన్న చిరుగులను దుకాణదారు ఎదుటే ఫోనులో ఫొటో తీసుకుంటే, తిరిగి ఇచ్చేటప్పుడు వాదన ఉండదు.

ఒంటిముక్క సూటుకూ, ప్యాంటూ కోటూ విడివిడిగా ఉండే సూటుకూ మధ్య ఎంపిక ఉంటే, ఆడవారు తప్పక రెండోదే అడగాలి. మంచు మైదానంలో మరుగుదొడ్లే తక్కువ. ఉన్నచోట ఒంటిముక్క సూటును భుజాల నుంచి కిందికి దించి, తడినేల తగలకుండా పట్టుకోవడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది. మా అత్తగారు చీర తప్ప మరొకటి కట్టరు. చీరపై సూటు ఎక్కదు కదా. చివరికి చీర లోపల ఉన్ని లెగ్గింగ్స్ రెండు జతలు, పైన మోకాళ్లు దాటే పొడవాటి కోటు, కాళ్లకు బూట్లు అన్న ఏర్పాటు కుదిరింది. ఆవిడ మంచులో పొర్లలేదు గానీ, బెంచీ మీద టీ తాగుతూ మా అందరికంటే వెచ్చగా కూర్చున్నారు. పెద్దవారితో వెళ్లేవారు ఇలాంటి కోటు ఉందా అని ముందే అడగాలి, ఎందుకంటే అన్ని దుకాణాల్లోనూ ఉండదు. చిన్నపిల్లల సైజులు కూడా క్రిస్మస్ సెలవుల్లో ఉదయం తొమ్మిదికే అయిపోతాయి.

బూట్ల విషయంలో మాత్రం నాకు అసంతృప్తి మిగిలింది. అద్దెకిచ్చేవి చాలావరకు మామూలు రబ్బరు గమ్‌బూట్లే. నీటిని ఆపుతాయి కానీ చలిని ఆపవు. లోపల పట్టిన చెమట బయటికి పోదు, అరగంటలో వేళ్లు మొద్దుబారతాయి. మందమైన ఉన్ని సాక్సులు వేసుకుని, ఒక సైజు పెద్ద బూట్లు తీసుకోవడమే దీనికి మార్గం. బిగువైన బూటులో రక్తప్రసరణ తగ్గి కాలు ఇంకా చల్లబడుతుంది, అందువల్ల రెండు జతల సాక్సులు కుక్కి అదే సైజు బూటులో కాలు దూర్చడం వల్ల ప్రయోజనం లేదు. అడుగున గాడులు అరిగిపోయిన జతను నిర్మొహమాటంగా వెనక్కి ఇచ్చేయాలి. సాక్సులు, గ్లవ్స్ అక్కడ అద్దెకు కాక అమ్మకానికి పెడతారు. అవి పలుచటివి, మంచును ముట్టుకోగానే తడిసిపోతాయి. నీరు దిగని గ్లవ్స్, మఫ్లర్, చెవులు మూసే టోపీ, నల్ల కళ్లద్దాలు ఇంటి నుంచే తెచ్చుకోవాలి. మంచు మీద ఎండ మెరిసినప్పుడు కళ్లద్దాలు లేనివారు అరగంటకే తలనొప్పితో కారెక్కుతారు.

డిపాజిట్‌గా ఒరిజినల్ ఆధార్ కార్డు అడిగే దుకాణాలున్నాయి. ఇవ్వకూడదు, హోటల్ మారేటప్పుడు, బస్సెక్కేటప్పుడు అదే కావాలి. నగదు ఇస్తామనో, డ్రైవరు ఫోను నంబరు రాసుకోమనో అంటే చాలామంది ఒప్పుకుంటారు. సాయంత్రం ఎన్నింటిలోగా తిరిగి ఇవ్వాలో చీటీ మీద రాయించుకోవాలి, ఎందుకంటే రద్దీ రోజుల్లో సోలంగ్ నుంచి ఊళ్లోకి రావడానికే గంటలు పడుతుంది. ఇంకొక ముఖ్యమైన సంగతి: రాత్రి కొత్తగా మంచు కురిస్తే, ఉదయం పోలీసులు మామూలు కార్లను సోలంగ్ దారిలోని నెహ్రూ కుండ్ దగ్గరే ఆపి, ఫోర్ బై ఫోర్ బండ్లనో, చక్రాలకు గొలుసులు కట్టినవాటినో మాత్రమే పంపుతారు. వెనుదిరిగి వచ్చినా సూటు అద్దె వాపసు రాదు. దారి తెరిచి ఉందా, మంచు ఎక్కడ ఉంది అన్నది హోటల్‌వారిని అడిగాకే డబ్బు చెల్లించాలి. డిసెంబరు మొదట్లో సోలంగ్‌లో గడ్డి మాత్రమే కనిపించే రోజులూ ఉంటాయి. అప్పుడు కూడా టాక్సీ దుకాణం ముందు ఆగుతుంది.

బసకూ ఈ బట్టలకూ గట్టి సంబంధమే ఉంది. సాయంత్రం తడిసి వచ్చిన సాక్సులూ గ్లవ్సూ తెల్లారేసరికి ఆరకపోతే మరుసటి రోజు గదికే పరిమితం కావాలి. మాల్ రోడ్డు దగ్గరి సిమెంటు హోటళ్లలో తిండికీ టాక్సీకీ సౌకర్యం ఎక్కువే, కానీ ఎండ తగలని గదులు పగలు కూడా చల్లగా ఉంటాయి, రూమ్ హీటరుకు కొన్నిచోట్ల విడిగా డబ్బు తీసుకుంటారు. పాత మనాలిలో మేము ఉన్న చెక్క ఇంటి గది చిన్నదే అయినా వెచ్చదనం నిలిచింది. గది మాట్లాడుకునేటప్పుడు కొండ కనిపిస్తుందా అని కాక, మధ్యాహ్నం ఎండ పడుతుందా, హీటరు ధరలోనే కలిసిందా, పరుపుపై ఎలక్ట్రిక్ దుప్పటి ఉందా అని అడిగితే మంచిది. సిస్సు వైపు హోమ్‌స్టేల్లో రాత్రి కుళాయి గొట్టాలు గడ్డకట్టి, బకెట్‌తోనే నీళ్లు ఇస్తారు. అయితే అక్కడి ఇళ్లలో అందరూ కూర్చునే గదిలో రేకు గొట్టం ఉన్న కట్టెల పొయ్యి ఉంటుంది, దానికి కాస్త దూరంగా ఆరవేస్తే బట్టలు పెళుసుగా ఆరిపోతాయి. మరీ దగ్గరగా పెడితే అద్దె జాకెట్టు కరిగిపోతుంది, దాని ఖరీదు మనమే కట్టాలి. మూసిన పడకగదిలో బొగ్గుల కుంపటి మాత్రం ఎవరు ఇచ్చినా పెట్టుకోకూడదు. దాని నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

గుల్మర్గ్‌కు వెళ్లేవారికి ఈ వ్యవహారమంతా తంగ్‌మర్గ్‌లో జరుగుతుంది. గుల్మర్గ్‌కు 13 కిలోమీటర్ల దిగువన ఉన్న ఈ ఊళ్లో, మంచు ఎక్కువగా ఉన్నప్పుడు శ్రీనగర్ నుంచి వచ్చిన కార్లు ఆగిపోతాయి. పైకి గొలుసులు కట్టిన స్థానిక బండ్లలో వెళ్లాలి. డిసెంబరు 21 నుంచి 40 రోజులు సాగే చిల్లై కలాన్ అనే గడ్డు చలికాలంలో మేము దిగినప్పుడు, ఫెరన్ అనే పొడవాటి వదులు అంగీ లోపల కాంగ్రీ అనే చిన్న కుంపటి పట్టుకుని కూర్చున్న దుకాణదారు మా కాళ్లకేసి ఒకసారి చూసి, అడగకుండానే సరైన సైజులు తీసి ముందు పెట్టారు. బూట్లకు లోపల బొచ్చు లైనింగు ఉంది. మనాలిలో దొరికినవాటికంటే ఇవి ఎంతో నయం. పైకి కిందికి ఒకటే దారి గనుక తిరిగి ఇవ్వడంలో హడావిడి లేదు. లోటు ఎక్కడంటే, ఇక్కడ ఎక్కువగా ఇచ్చేది పొడవాటి కోటే, పూర్తి సూటు కాదు. గొండోలా, అంటే తీగల మీద నడిచే కేబుల్ కారు, రెండో దశలో దించే అఫర్వాత్ కొండ దాదాపు 3,980 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి గాలి కోటు కింది నుంచి దూసుకువస్తుంది. గాలిని ఆపే ప్యాంటు మనమే తెచ్చుకోవాలి. కోటు తీసుకుంటే గైడునూ పెట్టుకోవాలని, మంచు మీద లాగే స్లెడ్జి బండి కూడా మాట్లాడుకోవాలని వెంటపడేవారు అక్కడ చాలామంది. కోటు వరకే అని మొదటే, నవ్వుతూనే, గట్టిగా చెప్పాలి.

సాంక్రీ లెక్క వేరు. ఉత్తరకాశీ జిల్లాలోని ఈ చిన్న ఊరు కేదార్‌కంఠ శిఖరానికి, అంటే సుమారు 3,800 మీటర్ల ఎత్తుకు, నడక మొదలయ్యే చోటు. ఇక్కడ అద్దె రోజుల లెక్కన ఉంటుంది. బూటుకు తగిలించే ముళ్ల పట్టీలు, మోకాలి దాకా మంచు దూరకుండా కట్టే గెయిటర్లు, చేతికర్ర, ఈకలు కూరిన జాకెట్టు, వీటిని అద్దెకు తీసుకోవడంలో సందేహం అక్కరలేదు, ఇంటి నుంచి మోసుకుపోవడమే దండగ. ఈక జాకెట్టు తడిస్తే వెచ్చదనం పోతుంది కాబట్టి, మంచు పడుతున్నప్పుడు దానిపై నీరు దిగని పలుచటి కోటు ఉండాలి. నడిచేటప్పుడు ఈక జాకెట్టు సంచిలోనే ఉండాలి, ఆగినప్పుడే ఒంటిమీదికి రావాలి. ట్రెక్కింగ్ బూట్లు మాత్రం అద్దెకు వద్దు. ఇంకొకరి పాదానికి అలవాటు పడిన బూటుతో ఎక్కితే మొదటి శిబిరానికే మడమ మీద బొబ్బలు లేస్తాయి. బూట్లు రెండు మూడు వారాల ముందే కొని, మన వీధుల్లోనే తొడుక్కుని తిరిగి, కాలికి అలవాటు చేసుకుని వెళ్లాలి.

హైదరాబాద్, బెంగళూరు నగరాల్లోనూ జాకెట్లు అద్దెకిచ్చేవారున్నారు. కొరియర్‌లో ఇంటికి పంపుతారు, ఉతికి ఇస్తారు, సైజు కుదరకపోతే మార్చుకునే వ్యవధి ఉంటుంది. వారం పైబడి చలి ప్రాంతంలో ఉండేవారికి, రోజూ కొత్త దుకాణంలో బేరమాడలేనివారికి ఇది సరైన దారి. ఒకే ఒక పూట మంచు చూసి వచ్చేవారికి మాత్రం ఖర్చు ఎక్కువే, ఎందుకంటే రైల్లో గడిచే రోజులకు కూడా అద్దె కట్టాలి. డబ్బు కట్టేముందు తిరిగి పంపవలసిన తేదీని ప్రయాణం ముగిసే రోజుకు కనీసం రెండు రోజులు ఆవల పెట్టించుకోవాలి: శ్రీనగర్ నుంచి విమానాలు మంచు వల్లో, పొగమంచు వల్లో రద్దు కావడం శీతాకాలంలో మామూలే, అలాంటప్పుడు ఆలస్య రుసుము రోజువారీ అద్దె కంటే ఎక్కువగా పడుతుంది.