నాలుగేళ్లు డెబియన్ సిడ్ వాడాక

మియాపూర్‌లో మా ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌లో 2021 చివర్నుంచి డెబియన్ అన్‌స్టేబుల్, అదే సిడ్, వాడుతున్నాను. డెబియన్ ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, సిడ్ అంటే అందులో కొత్త ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్లు) అందరికన్నా ముందు వచ్చే రకం, బాగా పరీక్షించి విడుదల చేసేది స్టేబుల్. ఆఫీసు పని కూడా దీని మీదే.

అప్‌డేట్లు చాలా ఎక్కువ. ప్యాకేజీలన్నీ ఉండే చోటు, అంటే ఆర్కైవ్, రోజుకి నాలుగుసార్లు మారుతుంది కాబట్టి పొద్దున చేసి సాయంత్రం చూస్తే మళ్లీ ఇంకొన్ని వచ్చి ఉంటాయి. మొదట్లో రెండు పూటలా చేసేవాణ్ణి. ఇప్పుడు శనివారం పొద్దున, ఇంటి వైఫై మీద మాత్రమే. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టామా, ఆ రోజు డేటా అంతా దానికే పోతుంది.

అసలు పరీక్ష 2024 మార్చిలో వచ్చింది. 32 బిట్ సిస్టమ్స్ 2038 దాటాక కూడా టైమ్ సరిగ్గా లెక్కపెట్టాలని బోలెడన్ని లైబ్రరీల (ప్రోగ్రామ్‌లు పంచుకుని వాడుకునే కోడ్) పేర్ల చివర టీ64 చేర్చారు. నాది 64 బిట్ మెషినే, అయినా ఆ పేర్లు నాకూ మారాయి. ఫుల్-అప్‌గ్రేడ్ (అవసరమైతే ఉన్న ప్యాకేజీలను తీసేసైనా అప్‌డేట్ చేసే కమాండ్) కొట్టగానే, తీసేయబోయే ప్యాకేజీల జాబితా స్క్రీన్ దాటి పైకి వెళ్లిపోయింది. స్క్రోల్ చేసి చదివితే అందులో నా డెస్క్‌టాపే ఉంది! వద్దని ఎన్ నొక్కి బయటికొచ్చేశాను. తర్వాత కొన్ని వారాలు ఉత్త అప్‌గ్రేడ్ మాత్రమే చేశాను, అది ఉన్న ప్యాకేజీలను తీసేయదు కాబట్టి. ప్యాకేజీలన్నీ కొత్త లైబ్రరీలతో మళ్లీ తయారయ్యాక (బిల్డ్ అయ్యాక) అదే ఫుల్-అప్‌గ్రేడ్ ఏ గొడవా లేకుండా అయిపోయింది. సిడ్ వాడేవాళ్లకి నేను చెప్పేది ఇదే, ఆ జాబితా చదవకుండా వై నొక్కకండి, ఎంత తొందరలో ఉన్నా సరే.

అదే నెల 29న ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగదారి (బ్యాక్‌డోర్) పెట్టిన సంగతి బయటపడింది. చూసుకుంటే నా దగ్గర ఆ దొంగదారి ఉన్న 5.6.1 వెర్షనే ఉంది. నిజంగా భయమేసింది. 5.6.1+రియల్లీ5.4.5 అన్న వెర్షన్ (పేరు ఎలా ఉన్నా లోపల ఉన్నది పాత 5.4.5) ఎక్కించి, వేరే మెషిన్లలోకి లాగిన్ అవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ కీలన్నీ మార్చాకే పడుకున్నాను. కానీ దాన్ని పట్టుకున్న ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజినీర్‌కి అనుమానం వచ్చింది కూడా సిడ్ మెషిన్ మీదే, లాగిన్ ఒక అర సెకను ఆలస్యమవుతోందని. స్టేబుల్‌లోకి అది వెళ్లనే లేదు. ముందుగా వాడేవాళ్లు ఉంటేనే కదా ఇలాంటివి ముందే దొరికేది, నేను సిడ్ వదలకపోవడానికి పెద్ద కారణం అదే.

ఆప్ట్-లిస్ట్‌బగ్స్ అనే ప్రోగ్రామ్ తప్పకుండా పెట్టుకోండి, పెద్ద బగ్ ఉన్న ప్యాకేజీ వస్తుంటే ఆగి అడుగుతుంది. పాత కెర్నల్ (సిస్టమ్‌కి మూలమైన భాగం) ఒకటి ఎప్పుడూ ఉంచుకోండి. కొత్త కెర్నల్‌కి నా గ్రాఫిక్స్ డ్రైవర్ బిల్డ్ కాక రెండుసార్లు నల్ల స్క్రీన్ వచ్చింది, రెండుసార్లూ గ్రబ్‌లో (ఆన్ చేయగానే వచ్చే మెనూ) పాతది ఎంచుకుంటే పని నడిచింది.

మా నాన్నగారి కంప్యూటర్‌లో మాత్రం స్టేబుల్ వెర్షనైన ట్రిక్సీయే పెట్టాను. ఆయన కరెంటు బిల్లు కట్టడానికి కూర్చున్నప్పుడు బటన్ నిన్న ఉన్న చోటే ఉండాలి.